ఆమ్, ఖాస్: ఒక ఇన్‌స్టాల్ బటన్ వెనక తారీఖ్

మా అబ్బా దగ్గర ఒక పొడుగాటి లెడ్జర్ పుస్తకం ఉంది. మాచర్లలో ఉర్దూ పంతులుగా రిటైర్ అయిన దగ్గర్నుంచి ఆయన పెట్టుకున్న పని ఒక్కటే, మా ఖాందాన్ షజ్రా రాయడం. ఎవరు ఎవరి బేటా, ఎవరి నికాహ్ ఏ ఊళ్లో జరిగింది, గురజాల నుంచి కారంపూడి పోయిన శాఖ ఏది, పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనికి పోయి అక్కడే ఉండిపోయిన వాళ్లెవరు, అన్నీ ఉర్దూలో, ముత్యాల్లాంటి నస్తాలీఖ్‌లో రాసిపెట్టారు. నస్తాలీఖ్ అంటే పైనుంచి కిందికి ఏటవాలుగా జారే ఆ ఉర్దూ రాత. మన షాదీ రుక్కాల మీద చూస్తామే, అదే.

2005లో నేను నరసరావుపేటలో డిగ్రీ చదువుతున్నాను. సెలవలకి ఇంటికి పోతే అబ్బా ఆ పుస్తకంలోంచి నాలుగు పేజీలు జిరాక్స్ తీయించి నా చేతిలో పెట్టారు. "బేటా, వీటిని కంప్యూటర్‌లో ఎక్కించు. కుడివైపు ఉర్దూ, ఎడమవైపు తెలుగు. మన పిల్లలకి ఉర్దూ చదవడం రాకపాయె. ఒట్టి తెలుగులోనే రాస్తే పేర్లలో సగం హర్ఫులు పోతాయి. రెండూ ఒకే కాగితం మీద ఉండాల" అన్నారు.

ఇదెంత పని అనుకుని పేటకొచ్చి మల్లమ్మ సెంటర్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో కూర్చున్నా. తెలుగు పేజీ తెరిస్తే అక్షరాలకి బదులు ఖాళీ డబ్బాలు. వరసగా డబ్బాలే. ఉర్దూ రాయబోతే ఒక్కో హర్ఫ్ విడిపోయి, ఎడమ నుంచి కుడికి ఉల్టాగా పడుతోంది. అక్కడ పనిచేసే పిల్లాడిని పిలిచా. "కంట్రోల్ ప్యానెల్‌లో ఒక టిక్ పెట్టాలన్నా. పెడితే ఎక్స్‌పీ సీడీ అడుగుద్ది. దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాల. అది ఓనర్ దగ్గరుంటది" అన్నాడు.

ఓనర్ సాయంత్రం వచ్చాడు. మర్యాదగానే మాట్లాడాడు. "తమ్ముడూ, నీ ఒక్కడి కోసం సిస్టమ్ మొత్తం మార్చమంటావా? పోయిన నెల ఎవడో గేమ్ ఎక్కిస్తే పది సిస్టమ్‌లకీ వైరస్ పట్టింది. రెండు రోజులు షట్టర్ దించా. అందుకే ఇప్పుడు ఏం ఎక్కించినా రీస్టార్ట్ చేస్తే పోయేట్టు పెట్టించా" అన్నాడు.

ఆ ఆదివారం ఎర్రబస్సెక్కి మాచర్ల పోయి ఇదంతా చెబితే, అబ్బా కళ్లజోడు తీసి నా వైపు చూసి ఒకటే మాట అడిగారు. "అప్నీ జబాన్ మే లిఖ్నే కూ భీ దూస్రే కీ ఇజాజత్ హోనా క్యా రే?" మన జబాన్‌లో మనం రాసుకోవడానిక్కూడా ఇంకొకడి ఇజాజత్ కావాల్నా అని.

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత కంప్యూటర్ల పనిలోనే పడ్డాను. నౌకరీలో రోజూ ఎదురయ్యే ఒక చిన్న సవాల్ వెనకే అబ్బా అడిగిన దానికి జవాబు ఉందని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. సాఫ్ట్‌వేర్ ఎక్కించేటప్పుడు స్క్రీన్ మీద వస్తుంది చూడండి: "నాకు మాత్రమేనా? ఈ కంప్యూటర్ వాడే అందరికా?" మనలో చాలామంది చదవకుండానే నొక్కేసే ప్రశ్న. దాని తారీఖ్ అరవై ఏళ్ల పైమాట.

రెండు జాగాలు

షాజహాన్ 1648లో పూర్తి చేయించిన ఢిల్లీ ఎర్రకోటలో రెండు దర్బారులున్నాయి. రయ్యత్ అంతా వచ్చి అర్జీ పెట్టుకునేది దీవానే ఆమ్. పిలిచినవాళ్లు మాత్రమే అడుగుపెట్టేది దీవానే ఖాస్. కంప్యూటర్‌లో కూడా సాఫ్ట్‌వేర్ కూర్చునే జాగాలు ఇలాగే రెండు. ఒకటి ఆ మెషీన్ మీద ఖాతా ఉన్న ప్రతి ఒక్కరికీ కనిపించే ఆమ్ జాగా. విండోస్‌లో సీ డ్రైవ్‌లో ఉండే ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ అదే. ఇంకోటి ఎక్కించిన మనిషి ఖాతా లోపల ఉండే ఖాస్ జాగా. మన పేరుతో ఉన్న ఫోల్డర్‌లో యాప్‌డేటా అని దాక్కుని ఉంటుంది.

ఆమ్ జాగాలో ఏదైనా పెట్టాలంటే అడ్మినిస్ట్రేటర్ ఇజాజత్ కావాలి. ఖాస్ జాగాకి అక్కర్లేదు, మన ఇంట్లో మనం సామాను పెట్టుకున్నట్టే. అడ్మినిస్ట్రేటర్ అంటే ఎవరో మన వాళ్లకి ఒక్క మాటలో చెప్పొచ్చు. వక్ఫ్ ఆస్తికి ముతవల్లీ లాంటివాడు. ఆస్తి అతని మిల్కియత్ కాదు. తాళంచెవి మాత్రం అతని దగ్గరుంటుంది. అది అమానత్. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతా కథ సులువుగా అర్థమవుతుంది.

ఒక మెషీన్, వందమంది

ఈ కథ మొదలైంది అమెరికాలో. 1950లలో కంప్యూటర్ అంటే హాలంత మెషీన్. మన జిన్నింగ్ మిల్లు ముందు పత్తి ట్రాక్టర్లు క్యూ కట్టినట్టు పంచ్ కార్డుల కట్టలు క్యూ కట్టేవి. ఒకరి పని పూర్తయ్యాక ఇంకొకరిది. కార్డులిచ్చి పోయి, గంటల తర్వాతో మర్నాడో వచ్చి ఫలితం తీసుకోవాలి.

1961 నవంబరులో ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బటో బృందం సీటీఎస్ఎస్ అనే పద్ధతిని చూపించింది. ఒకే మెషీన్‌కి చాలా టెర్మినళ్లు తగిలిస్తారు. మెషీన్ ఒక్కొక్కరికీ కాస్త కాస్త వక్త్ పంచుతుంది. అది ఎంత జల్దీగా తిరుగుతుందంటే ఎవరికి వాళ్లకి మెషీన్ మొత్తం తమదే అనిపిస్తుంది. టైమ్ షేరింగ్ అన్నారు దీన్ని.

వెంటనే మస్లా వచ్చింది. అందరూ ఒకే మెషీన్ మీద ఉంటే నా ఫైల్ నాది, నీ ఫైల్ నీది అని ఎలా తెలియాలి? కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ వాడకం ఇక్కడే మొదలైందని చెబుతారు. ప్రతి మనిషికీ సొంత ఖాతా, సొంత ఫైళ్లు. వాటితోపాటు అందరూ వాడుకునే ఉమ్మడి ఫైళ్లు. ఆమ్, ఖాస్ అనే తేడా కంప్యూటర్‌లోకి అడుగుపెట్టింది అప్పుడే.

తర్వాత 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టారు. ఇవాళ మన చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌కీ, ఐఫోన్‌కీ, లినక్స్‌కీ వంశవృక్షం గీస్తే పైన యూనిక్సే ఉంటుంది. మన షజ్రాలో దాదా, పర్‌దాదా ఉన్నట్టు.

యూనిక్స్‌లో ఒక ఫోల్డర్ కథ నాకు భలే ఇష్టం. దాని పేరు "యూఎస్ఆర్". యూజర్ అన్న మాటనే కురచ చేసి పెట్టారు. మొదట అందులో ఉండేవి మనుషుల ఇళ్లే. థాంప్సన్ సామాను, రిచీ సామాను. సిస్టమ్ ప్రోగ్రాములు వేరే డిస్క్‌లో ఉండేవి. 1970ల మొదట్లో సిస్టమ్ పెరిగి పెరిగి మొదటి డిస్క్ నిండిపోయింది. ఏం చేయాలి? పక్క డిస్క్‌లో, అంటే మనుషుల ఇళ్లున్న చోట, ఖాళీ ఉంది. ప్రోగ్రాములు కొన్నిటిని అక్కడ సర్దారు. కొన్నాళ్లకి అదే ప్రోగ్రాముల అడ్డా అయిపోయింది. తర్వాతి రోజుల్లో మనుషుల్ని "హోమ్" అనే కొత్త బస్తీకి పంపించారు. పేరు మాత్రం పాతదే మిగిలింది. ఇవాళ ఏ లినక్స్ మెషీన్‌లో చూసినా యూజర్ పేరున్న ఆ ఫోల్డర్‌లో యూజర్ ఉండడు, ఆమ్ సాఫ్ట్‌వేర్ ఉంటుంది.

పాత బజారుల్లో ఇలాంటివి మనమూ చూశాం. ఒకప్పుడు ఎవరిదో ఇల్లు, తర్వాత గోడౌన్, ఇప్పుడు ఊరందరి దుకాణాలు. పేరు మాత్రం ఇప్పటికీ "ఫలానా సాయిబుగారి ఇల్లు". ఏది ఆమ్, ఏది ఖాస్ అన్నది ఆసమాన్ నుంచి దిగిన చట్టం కాదని యూనిక్స్ కథ చెబుతుంది. డిస్క్‌లో జాగా చాలక మనుషులు అప్పటికప్పుడు చేసుకున్న సర్దుబాటు అది.

యూనివర్సిటీల్లో యూనిక్స్ పాకాక ఇంకో సంగతి జరిగింది. తాళంచెవి ఉన్న ముతవల్లీని యూనిక్స్‌లో "రూట్" అంటారు. స్టూడెంట్లకి రూట్ హక్కు ఇవ్వరు. మరి వాళ్లకి కొత్త ప్రోగ్రాం కావాలంటే? కోడ్ తెచ్చుకుని, తమ హోమ్ ఫోల్డర్‌లోనే కట్టుకుని, అక్కణ్నుంచే వాడుకున్నారు. ఎవర్నీ అడగలేదు, ఎవరి సామానూ కదిలించలేదు. ఖాస్ ఇన్‌స్టాల్‌కి అసలు పుట్టిల్లు ఆ స్టూడెంట్ల ఖాతాలే.

తాళం లేని ఇల్లు

1981 ఆగస్టులో ఐబీఎం పీసీ వచ్చింది. ఒక మెషీన్, ఒక మనిషి. ఖాతాలు లేవు, పాస్‌వర్డ్ లేదు, రూట్ లేడు. ఒంటరిగా ఉండేవాడికి గది గదికీ తాళమెందుకు? ఏది ఎక్కించినా అది మెషీన్ మొత్తానికీ ఎక్కినట్టే. యూనిక్స్ నేర్పిన ఆమ్, ఖాస్ తేడా ఇంటి కంప్యూటర్లలో ఇరవై ఏళ్లు మరుగున పడింది.

1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95లో లాగిన్ అడిగే డబ్బా ఒకటి వచ్చేది. పేరు, పాస్‌వర్డ్ అడిగేది. క్యాన్సిల్ నొక్కితే లోపలికి పంపించేసేది! తొంభై ఎనిమిదిలోనూ అంతే. దర్వాజా ఉంది, గడియ లేదు. మన ఊళ్లలో తొలి డీటీపీ షాపులు, తొలి కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు నడిచింది ఈ మెషీన్ల మీదే. వైరస్ వస్తే అందరికీ వచ్చేది. ఫాంట్ ఎక్కిస్తే అందరికీ ఎక్కేది.

ఇదే సమయంలో ఆఫీసుల కోసం మైక్రోసాఫ్ట్ ఇంకో శాఖ నడిపింది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ. అందులో అడ్మినిస్ట్రేటర్ వేరు, మామూలు యూజర్ వేరు. 2001 అక్టోబర్ 25న విండోస్ ఎక్స్‌పీతో ఆ శాఖ ఇళ్లలోకి వచ్చింది. అంటే సంసారులుండే ఇంటికి ఆఫీసు తాళాలు బిగించారన్నమాట.

జనం ఏం చేశారు? అందరూ అడ్మినిస్ట్రేటర్లే అయిపోయారు. ఎక్స్‌పీ ఎక్కించేటప్పుడు సృష్టించే ఖాతాలు అడ్మిన్ ఖాతాలుగానే పుట్టేవి. "లిమిటెడ్" ఖాతా ఇస్తే సగం పాత ప్రోగ్రాములు నడిచేవి కావు. అవన్నీ తాళాల్లేని జమానాలో రాసినవి. సెట్టింగులు రాసుకోడానికి నేరుగా ఆమ్ జాగాలో చెయ్యి పెట్టేవి. ఇళ్లలో అందరూ ముతవల్లీలే. నెట్ సెంటర్లు మాత్రం అలా వదిలేస్తే మూడు రోజుల్లో మూతపడతాయి. అక్కడ ఓనరొక్కడే ముతవల్లీ, కస్టమర్లంతా లిమిటెడ్.

ఇప్పుడు నా నెట్ సెంటర్ కథ మళ్లీ చూడండి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంట్ కూడా ఉంది. కానీ తెలుగులో ఒత్తులూ గుణింతాలూ కలవాలన్నా, ఉర్దూ కుడి నుంచి ఎడమకి హర్ఫులు కలుపుకుంటూ రావాలన్నా, రీజినల్ సెట్టింగుల్లోకి పోయి "కాంప్లెక్స్ స్క్రిప్ట్", "రైట్ టు లెఫ్ట్" భాషల కోసం విడిగా టిక్ పెట్టి, సీడీ పెట్టి ఎక్కించాలి. అది పూర్తిగా ఆమ్ ఇన్‌స్టాల్. ఫాంట్లు కూడా అంతే. విండోస్‌లో ఫాంట్‌కి అప్పుడు ఖాస్ జాగా అనేదే లేదు. ఎక్కితే అందరికీ ఎక్కాలి, లేకపోతే ఎవరికీ లేదు.

ఇంగ్లీషు రాసుకునేవాడికి ఎవరి ఇజాజతూ అక్కర్లేదు. తెలుగు, ఉర్దూ రాసుకునేవాడికి తాళంచెవి ఉన్నవాడి దయ కావాలి. అబ్బా అడిగిన సవాల్‌కి సాంకేతికంగా జవాబు "హౌ, హోనా". ఓనర్ చెడ్డవాడు కాదు, తన పది మెషీన్ల హిఫాజత్ చూసుకున్నాడు. తప్పు ఉన్నది లిపిని విడిగా తెచ్చుకోవాల్సిన సామానుగా లెక్కగట్టిన చోట. మనిషి జబాన్ మెషీన్‌తోపాటే ఆమ్‌గా ఉండాల్సింది.

రెండు షాపుల మధ్య ఒక రుక్కా

మరి ఆ రోజుల్లో మన పెళ్లి పత్రికలు ఎలా అయ్యేవి? పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. తెలుగు డీటీపీ షాపులో అను ఫాంట్లు. వాటి లెక్కే వేరు. లోపల ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లే ఉంటాయి, పైకి తెలుగు బొమ్మ కనిపిస్తుంది. ఆ ఫాంట్ లేని మెషీన్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తులు. ఉర్దూకి ఇన్‌పేజ్. ఢిల్లీ కంపెనీ చేసింది, 1994 నుంచి ఉంది. అందులో ఉండే నూరీ నస్తాలీఖ్ రూపం 1981లో మీర్జా అహ్మద్ జమీల్ చేసిన పని. ఒక్కో హర్ఫ్ కాకుండా వేల కొద్దీ పదభాగాల్ని చేత్తో రాసి మెషీన్‌కి అందించారు.

ఇన్‌పేజ్ ఉన్న షాపులో అను ఉండదు. అను ఉన్నచోట ఇన్‌పేజ్ ఉండదు. ఉర్దూ ముక్క ఒకచోట ప్రింట్ తీసి, తెలుగు ముక్క ఇంకోచోట తీసి, కత్తెరతో కత్తిరించి గమ్‌తో అతికించి నెగెటివ్ తీయించిన రుక్కాలు మా ఇంట్లోనే ఉన్నాయి. సగం ఖాందాన్ ఉర్దూ చదువుతుంది, సగం తెలుగు. పల్నాడులో ఇంట్లో ఉర్దూ మాట్లాడే వాళ్లున్నారు, దూదేకుల ఇళ్లలో తెలుగే మాట్లాడే వాళ్లున్నారు. ఇద్దరి దావత్ ఒక్కటే. కార్డు మాత్రం రెండు షాపుల్లో తయారయ్యేది.

చెవి ఎవరికిచ్చారు?

2007 జనవరిలో విండోస్ విస్టా వచ్చింది. మన మస్లా ఒకటి అక్కడ హల్ అయింది. తెలుగు, ఉర్దూ లాంటి లిపులకి విడిగా టిక్ పెట్టే పని పోయింది, అవి సిస్టమ్‌తోనే వచ్చాయి. లిపి ఆమ్ అయింది. ఇది చాలామంది గమనించలేదు. విస్టాని తిట్టుకున్నది ఇంకో కారణానికి. ఏం ఎక్కించబోయినా స్క్రీన్ మసకబారి "ఇజాజత్ ఇస్తారా?" అని అడిగేది. అడ్మిన్ ఖాతాలో ఉన్నవాణ్ని కూడా అడిగేది. విసుగే, కానీ ఉద్దేశం మంచిది. చెవి జేబులో ఉన్నంత మాత్రాన ప్రతి తలుపూ దానంతటదే తెరుచుకోకూడదు.

విస్టా ఇంకో తమాషా చేసింది. ఆమ్ జాగాలో చెయ్యిపెట్టే పాత ప్రోగ్రాముల్ని నేరుగా ఆపేయకుండా, వాటి రాతని గుట్టుగా ఆ యూజర్ ఖాస్ జాగాకి మళ్లించింది. ప్రోగ్రాం ఆమ్‌లో రాశాననుకుంటుంది. నిజానికి ఆ మనిషి ఇంట్లోనే రాసింది. ఇంట్లో ఇంకొకరు తెరిస్తే ఆ మార్పు కనపడదు. ఆఫీసుల్లో నాలాంటివాళ్లం దీనితో పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

2008 సెప్టెంబర్ 2న గూగుల్ క్రోమ్ వచ్చింది. అది దర్వాజా దగ్గర ఆగలేదు. ఎవరి ఇజాజతూ అడక్కుండా నేరుగా యూజర్ ఖాస్ జాగాలో కూర్చుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ లేని నౌకరీ మనిషి కూడా ఎక్కించుకోగలిగాడు. అప్‌డేట్లు చప్పుడు లేకుండా వచ్చేవి. యూజర్‌కి ఖుషీ. కంపెనీ అడ్మిన్లకి తలనొప్పి, వాళ్లకి తెలియకుండా మెషీన్లలో సాఫ్ట్‌వేర్ మొలిచింది కదా. తర్వాత గూగుల్ వాళ్లకోసం ఆమ్ ఇన్‌స్టాల్ కూడా ఇచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో పిల్లల క్లాసుల కోసం ఇంటింటా ఎక్కిన జూమ్ కూడా ఈ ఖాస్ దారినే వచ్చింది.

1970ల యూనివర్సిటీ స్టూడెంట్లు కనిపెట్టిన ఉపాయం కంపెనీల చేతికి వచ్చింది. అప్పుడు చెవి లేనివాడి హక్కు అది. ఇప్పుడు చెవి ఉన్నవాణ్ని తప్పించుకునే తోవ కూడా అదే.

మా ఇంట్లో నేను చేసిన గల్తీ

ఇక నా తప్పు చెప్పుకోవాలి. 2020 వేసవి. లాక్‌డౌన్‌లో మాచర్లలో ఇరుక్కుపోయాను. పదిహేనేళ్లుగా ఆగిపోయిన షజ్రా పని మొదలుపెట్టా. ఇంట్లో ఒకటే ల్యాప్‌టాప్, విండోస్ 10. నాకో ఖాతా, అబ్బాకో ఖాతా, మా ఆపా కూతురి క్లాసులకి ఇంకోటి. నా ఖాతాలో కూర్చుని నస్తాలీఖ్ ఫాంట్ దించుకున్నా. రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ అన్నా. కుడివైపు ఉర్దూ, ఎడమవైపు తెలుగు, ఒకే కాగితం మీద! 2005లో కాని పని గంటలో అయింది. అందరికీ అందే ఫోల్డర్‌లో పెట్టి "అబ్బా, చూడండి" అని పక్క వీధికి పోయా.

తిరిగొచ్చేసరికి అబ్బా మొహం చిన్నబుచ్చుకుని ఉన్నారు. "యే అరబీ హై యా ఉర్దూ?" అన్నారు. ఆయన ఖాతాలో హర్ఫులన్నీ నిటారుగా, గీత మీద పేర్చినట్టు నస్ఖ్‌లో ఉన్నాయి. నస్ఖ్ అరబీకి అందం. ఉర్దూ చదివే కళ్లకి మాత్రం పరాయి ఇంట్లో ఉన్నట్టుంటుంది. నాకు కోపమొచ్చింది. "మీరేం నొక్కారు? నేను సరిగానే పెట్టిపోయాగా" అని గట్టిగానే అన్నా. ఆయన ఏం మాట్లాడలేదు. లేచి వుజూ చేసుకోడానికి పోయారు.

ఆయనేం నొక్కలేదు. 2018లో వచ్చిన విండోస్ 10 మార్పు తర్వాత ఫాంట్లకి కూడా ఖాస్ జాగా దొరికింది. మామూలుగా ఇన్‌స్టాల్ అంటే నా ఖాతాకే ఎక్కుతుంది. అందరికీ కావాలంటే ఫాంట్ ఫైల్ మీద కుడి బటన్ నొక్కి "ఆల్ యూజర్స్" అన్నది ఎంచుకోవాలి, అడ్మిన్ ఇజాజత్ ఇవ్వాలి. 2005లో నేను ఏ హక్కు కోసం తిరిగానో, ఎవర్నీ అడక్కుండా నా లిపిని నేను ఎక్కించుకునే ఆ హక్కు, 2018లో వచ్చింది. దాన్ని నేను నాకోసం మాత్రమే వాడుకున్నా. ఎవరి పుస్తకమో ఆయన్నే బయట నిలబెట్టా. ఆ రోజు ఇంట్లో చెవి ఉన్నవాణ్ని నేనే, నెట్ సెంటర్ ఓనర్‌ని కూడా నేనే.

అదే మగ్రిబ్ తర్వాత ఫాంట్ తీసేసి, అందరికీ వర్తించేలా మళ్లీ ఎక్కించి, అబ్బాకి మాఫీ చెప్పుకున్నా. "చల్, పెహలే నామ్ దేఖ్" అన్నారు. మొదటి పేరులో ఒక నుఖ్తా తప్పు పడిందట!

ఒకటే చాప, ఎవరి ఆకు వాళ్లది

ఈ రెండింటి మధ్య తోవ ఉంది. మన పల్నాడుకి చాపకూడు కథ చెప్పక్కర్లేదు. బ్రహ్మనాయుడు అన్ని కులాల వాళ్లనీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనం పెట్టాడని చెప్పుకుంటాం. మన దస్తర్‌ఖాన్ కూడా అలాంటిదే. పరిచింది ఒకటే, తినేది ఎవరి ఆకలికి తగ్గట్టు వాళ్లు.

2012లో విండోస్ 8తో వచ్చిన స్టోర్ యాప్‌లు ఇలాగే పనిచేస్తాయి. యాప్ ఫైళ్లు మెషీన్ మీద ఒక్కచోటే ఉంటాయి. ఎవరు తీసుకుంటే వాళ్ల ఖాతాలోనే కనిపిస్తుంది. ఎవరి సెట్టింగులు వాళ్లవి. అదే ఏడాది ఆండ్రాయిడ్ 4.2 ట్యాబ్లెట్లలో ఒకే పరికరం మీద వేర్వేరు యూజర్లు వచ్చారు, 2014లో 5.0తో ఫోన్లకీ వచ్చింది. అక్కడా యాప్ కాపీ ఒకటే, లోపలి ఖాతాలూ ఫోటోలూ ఎవరివి వాళ్లవి. కొన్ని ఫోన్ కంపెనీలు ఆ సౌకర్యం మూసేస్తాయి, అది వేరే బాధ.

ఫోన్ గురించి ఇంకో మాట. ఐఫోన్‌లో ఉర్దూ నస్తాలీఖ్‌లో కనిపించడం 2017లో ఐఓఎస్ 11తోనే మొదలైంది. అంతవరకూ అంతా నస్ఖే. అక్కడ ఆమ్ కా, ఖాస్ కా అని అడిగేవాడే లేడు. కంపెనీ పెడితే ఉంది, లేకపోతే లేదు. నెట్ సెంటర్ ఓనర్‌నైనా సాయంత్రం దాకా కూర్చుని బతిమాలొచ్చు.

ఫైసలా ఎలా చేయాలి?

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే, ఏది నొక్కాలి అని. నేను పాటించే ఉసూల్ చెబుతా.

లిపికి సంబంధించినవి, అంటే ఫాంట్లు, తెలుగు ఉర్దూ కీబోర్డులు, ఎప్పుడూ ఆమ్. ఇంట్లో ఒక్కరే చదువుతున్నా సరే, రేపు ఇంకొకరు కూర్చుంటారు. కొన్ని పాత ప్రోగ్రాములైతే ఖాస్ జాగాలో ఉన్న ఫాంట్‌ని గుర్తుపట్టవు కూడా. బ్రౌజర్, ఆఫీస్ ప్యాకేజీ, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ కూడా ఆమ్‌గా ఉంటేనే మేలు. ఒకసారి అప్‌డేట్ చేస్తే అందరికీ అవుతుంది. ఖాస్‌గా ఉంటే నలుగురికి నాలుగు కాపీలు, 300 ఎంబీది 1200 ఎంబీ మింగుతుంది. పైగా ఎప్పుడో ఒకసారి తెరిచే ఖాతాలో పాత వెర్షన్ అలాగే పడి ఉంటుంది. దొంగలకి అదే దారి.

మీరొక్కరే పరీక్షించి చూసేవి, చదువు కోసం తెచ్చుకునేవి, రేపు తీసేస్తారో ఉంచుతారో తెలియనివి ఖాస్. ఇంజనీరింగ్ పిల్లలు ల్యాబ్ మెషీన్‌లో పైథాన్ నేర్చుకునేటప్పుడు అడ్మిన్ వెనక తిరగక్కర్లేదు. 2008 నుంచే పైథాన్ ప్యాకేజీల్ని తమ ఖాతా వరకే ఎక్కించుకునే వీలుంది. ఒకటి గుర్తుంచుకోండి, ఖాతా తీసేస్తే దానితోపాటు అందులోని ఖాస్ సాఫ్ట్‌వేర్ కూడా పోతుంది.

ఖాస్‌గా ఎక్కించాం కాబట్టి భద్రం అనుకోవద్దు. చెడ్డ ప్రోగ్రాం ఖాస్ జాగాలో కూర్చుంటే పక్కవాళ్ల ఖాతా జోలికి పోవడం దానికి కష్టమే. కానీ మీ ఫోటోలు, మీ డాక్యుమెంట్లు ఉన్నది మీ ఖాతాలోనే. వాటికి తాళం వేసి డబ్బులడిగే ప్రోగ్రాముకి అడ్మిన్ ఇజాజత్ అక్కర్లేదు, మీ ఒక్క క్లిక్ చాలు. ఆమ్‌గా ఎక్కితే ఇల్లంతా దాని చేతికి పోతుంది. రెండిట్లోనూ ఎక్కడినుంచి దించుకుంటున్నామన్నదే అసలు సంగతి.

ఇంట్లో అందరికీ అడ్మిన్ హక్కు ఇవ్వొద్దు. ఆ మాటకొస్తే మీక్కూడా రోజూ వద్దు. అడ్మిన్ ఖాతా ఒకటి విడిగా పెట్టి, రోజువారీ పనికి మామూలు ఖాతా వాడండి. మక్తబ్‌లోనో కమిటీ ఆఫీసులోనో ఒక కంప్యూటర్ ఉంటే అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కరి బుర్రలోనే ఉంచొద్దు. ఇద్దరు నమ్మకస్తుల దగ్గర ఉండాలి. ముతవల్లీ ఊరు మారితే తాళం పగలగొట్టుకునే పరిస్థితి రాకూడదు.

ఇలా రాసిన కాగితం పదిమందికి పంపేటప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. అందులో ఫాంట్ కాగితంతోపాటే ప్రయాణం చేస్తుంది. అవతలివాడి మెషీన్‌లో ఏముందో, ఎవరి ఇజాజత్ ఉందో చూడక్కర్లేదు. మా షజ్రా గుంటూరుకీ, హైదరాబాద్‌కీ, జెద్దాకీ అలాగే పోయింది.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూని రెండో అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. చట్టం కాగితం మీద ఉంటుంది. కౌంటర్ వెనక ఉన్న కంప్యూటర్‌లో కూర్చున్న మనిషి ఎవరైనా సరే ఆ లిపి తెరుచుకోవాలంటే, ఎవరో ఒకరు "అందరికీ" అన్న బటన్ నొక్కి ఉండాలి.

అబ్బా లెడ్జర్ ఇంకా నడుస్తూనే ఉంది. పోయిన నెల మా ఆపా మనవడి పేరు ఎక్కింది. ముందు చేత్తో రాస్తారు, తర్వాత తన ఖాతాలో కూర్చుని తనే టైపు చేస్తారు, కుడివైపు ఉర్దూ, ఎడమవైపు తెలుగు. దోస్తులారా, ఈ జుమ్మాకి వీలు చూసుకుని మీ ఇంటి కంప్యూటర్‌లో ఎన్ని ఖాతాలున్నాయో, చెవి ఎవరి దగ్గరుందో చూడండి. మీ ఖాతాలో కనిపించేది మీ అమ్మీ ఖాతాలోనూ కనిపిస్తోందా అని కూడా ఒకసారి తెరిచి చూడండి.

ఖుదా హాఫిజ్.